అరికాలి మీద తాళంచెవితో గీస్తే ఏం తెలిసింది? బాబిన్‌స్కీ కథ

ఈ రోజు ఎపిసోడ్ పారిస్‌లో జరుగుతుంది, కానీ మొదలవ్వడం మాత్రం మా పెద్దమ్మ దగ్గర. కనిగిరి వైపు పల్లెటూరు ఆవిడది. మూడేళ్ళ కిందట, "కాళ్ళు బిగుసుకుపోతున్నాయిరా, కట్టెల్లా అయిపోతున్నాయి" అని ఫోన్‌లో చెప్పడం మొదలుపెట్టింది. నడుస్తుంటే చెప్పు జారిపోయేది, జారినట్టు ఆవిడకి తెలిసేది కాదు. సరిగ్గా అప్పుడే ఇంటికి కొత్త కోడలొచ్చింది. ఇంకేముంది, పని ఎగ్గొట్టడానికి అత్తగారు వేషాలేస్తోందని చుట్టాల్లో ఒక మాట పుట్టింది. టౌన్‌లో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. షుగర్ చూశారు, బీపీ చూశారు, మోకాళ్ళకి ఎక్స్‌రే తీశారు. "మనసులో ఏదో పెట్టుకున్నారమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్రమాత్రలు రాసిచ్చి పంపించేశారు.

నేనూ తక్కువ తినలేదు. "పెద్దమ్మా, పొద్దున్నే కాస్త యోగా చెయ్యి, అదే తగ్గుతుంది" అని జ్ఞానబోధ చేశాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత ఇంకో ఊళ్ళో ఒక కుర్ర డాక్టర్ చూశాడు. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను. ఆవిణ్ణి పడుకోబెట్టి, జేబులోంచి బండి తాళంచెవి తీసి, దాని మొద్దు వైపుతో అరికాలి బయటి అంచు మీద మడమ దగ్గర్నుంచి పైకి మెల్లగా ఒక గీత గీశాడు. బొటనవేలు పైకి లేచింది. గబుక్కున కాదు, నిద్రలేచినట్టు నిదానంగా. రెండో కాలు కూడా అంతే. అతను కాసేపు ఏం మాట్లాడలేదు. మళ్ళీ ఒకసారి గీసి చూసుకుని మా అన్నయ్య వైపు తిరిగి, "ఇది వేషం కాదండీ. మెడ దగ్గర్నుంచి ఎమ్మారై తీయించాలి" అన్నాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న మాకెవ్వరికీ అర్థం కాలేదు. "అమ్మా, మీ ఊళ్ళో ఏ నీళ్ళు తాగుతారు?"

ఆ నీళ్ళ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ గీత సంగతి. ఒక మనిషి చెప్పేది నిజమా అబద్ధమా అని ఏళ్ళ తరబడి ఇంట్లో వాళ్ళందరూ వాదించుకుంటుంటే, ఒక కాలివేలు రెండు సెకన్లలో తేల్చేసింది. మెడిసిన్ చదివే ఫ్రెండ్‌ని అడిగితే "దాన్ని బాబిన్‌స్కీ సైన్ అంటార్రా" అన్నాడు. ఎవరా బాబిన్‌స్కీ అని వెతుక్కుంటూ వెళ్తే తేలిందేంటంటే, ఈ పరీక్ష పుట్టిందే సరిగ్గా మా ఇంట్లో నడిచిన గొడవ లాంటి గొడవలోంచి!

పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగం. పారిస్‌లో సాల్పెట్రియేర్ అనే ఆసుపత్రి. ఆసుపత్రి అంటే మనం అనుకునే ఆసుపత్రి కాదు, ఒక చిన్నపాటి ఊరు. దిక్కులేని ముసలివాళ్ళు, మూర్ఛ రోగులు, పక్షవాతం వచ్చినవాళ్ళు, పిచ్చి ముదిరిందని ఇంట్లోంచి పంపించేసినవాళ్ళు, ఇలా వేలమంది ఆడవాళ్ళు అందులో ఉండేవాళ్ళు. అక్కడి పెద్ద డాక్టర్ ఝాన్ మార్టిన్ షార్కో. నరాల జబ్బుల గురించి ఆయనకి తెలిసినంత యూరప్‌లో ఇంకెవరికీ తెలియదని పేరు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌ని సరిగ్గా విడదీసి చూపించినవాడు. పార్కిన్‌సన్స్ జబ్బుకి ఆ పేరు నిలబడింది కూడా ఆయన వల్లే.

ఆయన దగ్గరికి వచ్చే కేసుల్లో ఒక పెద్ద చిక్కు ఉండేది. ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్క మంచాల మీద ఉంటారు. ఇద్దరికీ కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఒకామె చనిపోయాక మెదడు కోసి చూస్తే రక్తనాళం చిట్లిన మచ్చ కనిపిస్తుంది. రెండో ఆమె ఒక రోజు పొద్దున్నే లేచి నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. ఈ రెండో దానికి అప్పట్లో పెట్టిన పేరు హిస్టీరియా. గర్భసంచికి గ్రీకు మాట నుంచి వచ్చింది ఆ పేరు. ఆడవాళ్ళ జబ్బు అని పేరులోనే రాసి పెట్టేశారన్నమాట! షార్కో మాత్రం ఇది మగవాళ్ళకీ వస్తుంది, ఇది నాటకం కాదు, నిజమైన నరాల జబ్బే అని గట్టిగా అనేవాడు. మంచి మాటే. కానీ దాన్ని నిరూపించడానికి ఆయన ఎంచుకున్న దారి హిప్నాటిజం. రోగుల్ని హాలులోకి తీసుకొచ్చి, జనం ముందు హిప్నటైజ్ చేసి, పక్షవాతం తెప్పించి, పోగొట్టి చూపించేవాడు.

ఆంద్రే బ్రూయే అనే చిత్రకారుడు 1887లో ఈ సీన్‌ని పెద్ద బొమ్మగా గీశాడు. ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది, ఒకసారి చూడండి. షార్కో పాఠం చెప్తుంటాడు, ఎదురుగా కోట్లు వేసుకున్న మగవాళ్ళు హాలు నిండా కూర్చుని చూస్తుంటారు. బ్లాంష్ విట్‌మన్ అనే రోగి సొమ్మసిల్లి వెనక్కి వాలిపోతుంటుంది. ఆమె పడిపోకుండా వెనక నుంచి పట్టుకున్న గడ్డం కుర్రాడే జోసెఫ్ బాబిన్‌స్కీ. వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఈ బొమ్మ ప్రింట్ ఒకటి తన గదిలో పెట్టుకున్నాడు. ఫ్రాయిడ్ కూడా 1885 చివర్లో కొన్ని నెలలు ఆ ఆసుపత్రిలో షార్కో దగ్గర చదువుకున్నాడు. ఒకే గురువు, ఒకే రోగులు. ఒకడు మనసులోకి వెళ్ళాడు, ఇంకొకడు అరికాలు దగ్గరికి వెళ్ళాడు.

బాబిన్‌స్కీ 1857లో పారిస్‌లోనే పుట్టాడు కానీ వాళ్ళది పోలండ్ నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం. తండ్రి ఇంజనీరు. అన్న హెన్రీ కూడా మైనింగ్ ఇంజనీరే. అన్నదమ్ములిద్దరూ పెళ్ళి చేసుకోలేదు, కడదాకా ఒకే ఇంట్లో ఉన్నారు. ఆ హెన్రీ ఎవరో తెలుసా? 'అలీ బాబ్' అనే కలం పేరుతో 1907లో ఫ్రెంచ్ వంటల మీద పెద్ద పుస్తకం రాసినాయన. తమ్ముడు పొద్దంతా రోగుల కాళ్ళు గీకి ఇంటికొస్తే అన్న వేడివేడిగా వండి పెట్టేవాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇది. సరే, అసలు విషయానికి వద్దాం.

షార్కోకి బాబిన్‌స్కీ అంటే ప్రాణం. అదే కొంప ముంచింది. 1892లో ప్రొఫెసర్ కావడానికి రాయాల్సిన పోటీ పరీక్షలో బాబిన్‌స్కీ తప్పాడు. ఆ పరీక్ష బోర్డుకి పెద్ద షార్ల్ బూషార్. ఒకప్పుడు షార్కో శిష్యుడే, అప్పటికి పడని వాడైపోయాడు. మరుసటి ఏడాది షార్కో చనిపోయాడు. బాబిన్‌స్కీ మళ్ళీ ఆ పరీక్ష జోలికే పోలేదు, జీవితంలో ప్రొఫెసర్ కాలేదు. 1895లో పిటియే ఆసుపత్రిలో వార్డు పెద్దగా చేరాడు. పాఠాల గోల లేదు, జనం లేరు, హిప్నాటిజం లేదు. రోగి, ఆయన, అంతే. గంటల తరబడి ఒక్క మాట మాట్లాడకుండా పరీక్ష చేసేవాడని చూసినవాళ్ళు రాశారు.

ఆ మౌనంలో ఆయన దేని కోసం వెతుకుతున్నాడు? హిప్నాటిజం బోనులో దొరకనిదేదో దాని కోసం. రోగి మాటకి లొంగనిది, డాక్టర్ మాటకి లొంగనిది, "ఇలా వస్తుంది చూడు" అని చెప్పినా రానిది. ఎందుకంటే షార్కో షోలో ఆయన కళ్ళతో చూశాడు కదా, డాక్టర్ ఏం కావాలనుకుంటే రోగి తనకి తెలియకుండానే అది ఇచ్చేస్తుంది. అందుకని చెయ్యి పట్టు ఎంతుంది, స్పర్శ తెలుస్తోందా లాంటివి పనికిరావు. అవన్నీ రోగి చెప్పాల్సినవే. శరీరం తనంతట తాను చెప్పేది కావాలి.

1896 ఫిబ్రవరి 22న బయాలజీ సొసైటీ మీటింగ్‌లో బాబిన్‌స్కీ ఒక చిన్న నోటు చదివాడు. అచ్చులో అది 28 లైన్లు. మన దగ్గర వాట్సాప్ ఫార్వర్డ్ కూడా అంతకంటే పెద్దగా ఉంటుంది. అందులో ఉన్నది ఇంతే. ఒక పక్క పక్షవాతం వచ్చిన రోగుల్ని తీసుకుని, బాగున్న వైపు అరికాలిని గుచ్చితే కాలివేళ్ళు కిందికి ముడుచుకుంటున్నాయి. పడిపోయిన వైపు గుచ్చితే వేళ్ళు పైకి లేస్తున్నాయి. ఒకే మనిషి, రెండు కాళ్ళు, రెండు జవాబులు.

వేలు పైకి లేవడం ఆయన కంటే ముందు ఎవరూ చూడలేదని కాదు. బెర్లిన్‌లో ఎర్న్‌స్ట్ రెమాక్ 1893లోనే ఒక రోగిలో చూసి రాశాడు. అసలు పిల్లల్ని ఎత్తుకున్న ప్రతి తల్లీ చూసే ఉంటుంది. ఇటలీ చిత్రకారులు గీసిన బాల యేసు బొమ్మల్లో కూడా కొన్నిటిలో కాలి బొటనవేలు పైకి లేచి కనిపిస్తుంది. చూడటం వేరు, అది ఏం చెప్తోందో పట్టుకోవడం వేరు. 1898లో ఆయన ఇంకా వివరంగా ఒక వ్యాసం రాశాడు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే ఒక ముఖ్యమైన నరాల దారి దెబ్బతింటే బొటనవేలు పైకి లేస్తుంది, హిస్టీరియా పక్షవాతంలో లేవదు అని తేల్చాడు. 1903లో మిగతా వేళ్ళు విసనకర్రలా విచ్చుకోవడం కూడా చేర్చాడు.

ఎందుకు లేస్తుంది? కాలికింద ముల్లు గుచ్చుకుంటే ఏం చేస్తాం? కాలు మొత్తం పైకి లాక్కుంటాం. తుంటి, మోకాలు, చీలమండ అన్నీ ముడుచుకుంటాయి. ఆ లాక్కునే పనిలో బొటనవేలు పైకి లేవడం కూడా ఒక భాగం. ఇదంతా వెన్నుపాము స్థాయిలోనే అయిపోయే పని, మెదడుని అడగాల్సిన అవసరం లేదు. కానీ మనం రెండు కాళ్ళ మీద నిలబడి నడిచేవాళ్ళం, వేళ్ళు నేలని పట్టుకోవాలి. అందుకే మెదడు పైపొర నుంచి బయల్దేరే ఒక పెద్ద నరాల కట్ట, మెదడు అడుగున ఎక్కువ భాగం పక్క మారి, వెన్నుపాము పొడుగునా దిగొచ్చి, ఈ వేలుని అదుపులో పెడుతుంది. పుట్టిన బిడ్డలో ఆ నరాల మీద పూత ఇంకా పూర్తిగా ఏర్పడదు, కాబట్టి పసిపిల్లల వేలు పైకే లేస్తుంది. అది జబ్బు కాదు. నడక వచ్చాక, మామూలుగా రెండేళ్ళు నిండేలోపు, వేలు కిందికి వంగడం నేర్చుకుంటుంది. పెద్దయ్యాక మళ్ళీ పైకి లేచిందంటే పైనుంచి వచ్చే అదుపు ఎక్కడో తెగిందన్నమాట.

ఎక్కడ తెగిందో మాత్రం వేలు చెప్పదు. మెదడులో రక్తం గడ్డకట్టినా, గడ్డ పెరిగినా, మల్టిపుల్ స్క్లెరోసిస్ అయినా, మెడలో వెన్నుపాము నలిగినా, ఆఖరికి బీ12 విటమిన్ లోపం బాగా ముదిరినా అదే జవాబు. వెతకాల్సింది డాక్టరే. వెతకడానికి ఏదో ఉంది అని మాత్రం వేలు గ్యారంటీ ఇస్తుంది.

ఇక్కడ ఒక మాట. ఈ వీడియో చూసి ఇంట్లో అందరి అరికాళ్ళు గీకకండి. కితకితలకి కాలు లాగేసుకోవడాన్ని కూడా మీరు బాబిన్‌స్కీ అనుకుని భయపడతారు. కావాలనుకుంటే ఎవరైనా బొటనవేలు పైకెత్తగలరు కూడా. నిజమైనదాన్ని గుర్తుపట్టేది ఆ నిదానం, దాంతోపాటు తొడ వెనక కండరం బిగియడం, ప్రతిసారీ అదే రావడం లాంటివి కలిపి చూసి.

తర్వాత పదిహేనేళ్ళలో ఇదే వేలుని ఇంకో దారిలో లేపడానికి పోటీ పడ్డారు. ఓపెన్‌హైమ్ మోకాలి కింద ఎముక మీద వేళ్ళతో రుద్దాడు, గోర్డన్ పిక్క నొక్కాడు, అమెరికాలో చాడక్ చీలమండ బయటివైపు గీశాడు. ఎవరి పేరు వాళ్ళకి మిగిలింది. మెడికల్ స్టూడెంట్స్‌కి వైవాలో ఇవన్నీ బట్టీ.

ఇంతవరకూ కథ హీరో సినిమాలా ఉంది కదా. ఇప్పుడు ఇంటర్వెల్ తర్వాత భాగం.

వేలు పైకి లేస్తే జబ్బు నిజం. ఒప్పుకున్నాం. మరి లేవకపోతే? 1901లో బాబిన్‌స్కీ హిస్టీరియా అనే పేరే వద్దన్నాడు. 'పితియాటిజం' అని కొత్త మాట కట్టాడు. నచ్చచెప్తే వచ్చేది, నచ్చచెప్తే పోయేది అని దాని అర్థం. గురువు కట్టిన కోటని శిష్యుడు ఇటుక ఇటుకా విప్పేశాడు. ఆడవాళ్ళని స్టేజీ మీద ఆడించే ఆట ఆగిపోయింది, మంచిదే. కానీ షార్కో అన్న ఒక మంచి మాట కూడా దాంతో పాటే కొట్టుకుపోయింది. ఇది నాటకం కాదు అన్న మాట. నచ్చచెప్తే పోయేదైతే, పోకపోతే తప్పెవరిది? రోగిదే!

దీని ధర 1914 తర్వాత తెలిసింది. మొదటి ప్రపంచయుద్ధంలో షెల్స్ మధ్య నుంచి వచ్చిన సైనికులు కాళ్ళు పడిపోయి, నడుం వంగిపోయి, మాట పడిపోయి వేలల్లో ఆసుపత్రులకి చేరారు. గాయం కనిపించదు. బొటనవేలు చక్కగా కిందికే వంగుతుంది. బాబిన్‌స్కీ శిష్యుడు క్లోవిస్ వాన్సాన్ తూర్ అనే ఊళ్ళో ఒక సెంటర్ నడిపాడు. ఆయన వైద్యం కరెంటు. గట్టి కరెంటు శరీరానికి పెట్టి, లే, నడువు అని గద్దించడం. సైనికులు దానికి పెట్టుకున్న పేరు 'తోర్పియాజ్'. షాక్ కొట్టే చేప ఒకటుంటుంది కదా సముద్రంలో, దాని పేరు మీద.

1916లో బాతిస్త్ దెషాం అనే సైనికుడు, నడుం వంగిపోయి నిటారుగా నిలబడలేనివాడు, నాకా కరెంటు వద్దన్నాడు. డాక్టర్ వినలేదు, తీగలు పట్టుకుని దగ్గరికొచ్చాడు. దెషాం గుద్దాడు, డాక్టర్ తిరిగి కొట్టాడు. పై అధికారి మీద చెయ్యి చేసుకున్నాడని సైనికుణ్ణి కోర్టు మార్షల్‌కి పెట్టారు. పేపర్లన్నీ రెండుగా చీలిపోయాయి. వైద్యం వద్దనే హక్కు సైనికుడికి ఉందా అని దేశమంతా చర్చ. చివరికి ఆరు నెలల శిక్ష వేసి, దాన్ని సస్పెండ్ చేశారు. అంటే జైలుకి పోనవసరం లేదు. యుద్ధం మధ్యలో సైనిక కోర్టు అంతవరకూ దిగిందంటే, జనం ఎటువైపు ఉన్నారో అర్థమవుతుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. బాబిన్‌స్కీ స్వయంగా ఇంత కఠినంగా లేడు. ఫ్రోమాన్ అనే డాక్టర్‌తో కలిసి 1917లో రాసిన పుస్తకంలో, గాయం చిన్నదైనా చెయ్యి చల్లబడి, రంగు మారి, బిగుసుకుపోయిన సైనికుల గురించి రాశాడు. వీళ్ళు పితియాటిజం కాదు, వీళ్ళని బలవంతంగా వంచి లాభం లేదన్నాడు. ఆ ఏడాదే ఆయన వార్డులో ఒక మెడికల్ స్టూడెంట్ పనిచేశాడు, పేరు ఆంద్రే బ్రెటన్. తర్వాత డాక్టరీ వదిలేసి సర్రియలిజం ఉద్యమం పెట్టిన కవి అతనే.

ఇవాళ న్యూరాలజిస్టులు ఈ రెండో రకాన్ని 'ఫంక్షనల్' జబ్బు అంటున్నారు. తీగ తెగలేదు, కానీ సిగ్నల్ సరిగ్గా పోవడం లేదు. రోగి అబద్ధం ఆడటం లేదు. దానికీ పరీక్షలున్నాయి, 1908లో హూవర్ అనే అమెరికన్ డాక్టర్ కనిపెట్టిందాన్ని ఇప్పటికీ వాడతారు. నాకు ఇందులో గుచ్చుకునేది ఒకటే. మా పెద్దమ్మ వేలు ఆ రోజు కిందికే వంగి ఉంటే ఏమయ్యేది? అప్పుడు కూడా ఆవిడ కాళ్ళు కట్టెల్లానే ఉండేవి కదా. మేం ఇంటికొచ్చి ఏమనేవాళ్ళమో నాకు బాగా తెలుసు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకుముందు మా కనిగిరి వైపంతా నెల్లూరు జిల్లా. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు, నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. బావి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళు గారపట్టడం మనకి తెలుసు. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు చిక్కబడి, వాటిని కలిపే నారలు కూడా గట్టిపడతాయి. వెన్నుపూసల మధ్య దారి ఇరుకైపోయి వెన్నుపాము నలుగుతుంది. నలిగితే మెదడు నుంచి వచ్చే ఆ నరాల కట్ట దెబ్బతింటుంది, బొటనవేలు పైకి లేస్తుంది. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారు ఈ ఫ్లోరోసిస్ వల్ల వచ్చే నరాల దెబ్బ మీద ఏళ్ళ తరబడి పనిచేసి రాశారు. పాత నాణేల మీద పుస్తకాలు రాసింది కూడా ఆయనే. పుట్టిన దగ్గర్నుంచీ అదే బావి నీళ్ళు తాగిన పెద్దమ్మని ఆ కుర్ర డాక్టర్ అడిగింది అందుకు.

బాబిన్‌స్కీ సంగతి కూడా చెప్పేస్తాను. 1922 దాకా పిటియేలో పనిచేశాడు. చివరి రోజుల్లో పార్కిన్‌సన్స్ వచ్చింది, రోగుల్లో తన కళ్ళతో చూసిన జబ్బే. 1931లో అన్న పోయాడు. మరుసటి ఏడాది అక్టోబర్‌లో ఆయనా పోయాడు.

పెద్దమ్మకి ఎమ్మారైలో మెడ దగ్గర వెన్నుపాము దారం లాగా నలిగిపోయి కనిపించింది. ఆపరేషన్ చేసి వెనక ఎముక తీసేశారు. ఇంకో ఏడాది ముందొచ్చి ఉంటే బాగుండేదన్నారు. ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తుంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు, "అప్పట్లో యోగా చెయ్యమన్నావు కదరా" అని నవ్వింది. నేనేం మాట్లాడలేకపోయాను. కాళ్ళకి నూనె రాస్తూ అరికాలు మీద చెయ్యి తగిలింది. వేలు ఇంకా పైకే లేస్తోంది.